పిల్లలు వెళ్లిన ఇంట తల్లి మనస్సు
(మహిళా ఉద్యోగుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతాలు, బదిలీలు, పెన్షను గురించి మనం ఎన్నో తీర్మానాలు చేశాం. ఏ తీర్మానానికీ ఎక్కని ఒక బాధను గురించి ఈనాడు మనవి చేస్తాను. చదువుకో, ఉద్యోగానికో, పెళ్లయి అత్తవారింటికో పిల్లలు వెళ్లిపోయిన పిదప తల్లి అనుభవించే ఒంటరితనమే అది.

ఇది అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. అయితే మన ఇళ్లలో దీనికి ప్రత్యేక కారణమున్నది. లోకో పైలటు రన్నింగు రూములో విశ్రమిస్తాడు. ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి రాత్రి సెట్టులో సార్టింగు చేస్తుంటాడు. పిల్లల జ్వరాలూ, పరీక్షలూ ఇంట్లో తల్లి ఒక్కతే చూసుకున్నది. బదిలీ అయినప్పుడల్లా ఇరుగుపొరుగు మారినా పిల్లల తోడు మారలేదు. ఆ తోడు పోయిన తరువాత కూడా భర్త డ్యూటీ వేళలు మాత్రం మారవు.

ఉద్యోగినులైన తల్లులకు ఆరవ వేతన సంఘం సిఫార్సులను అనుసరించి 2008లో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు లభించింది. సాధారణంగా బిడ్డకు 18 ఏళ్లు నిండడంతో ఆ హక్కు ముగుస్తుంది. సరిగ్గా బిడ్డ ఇల్లు విడిచే వయస్సు కూడా అదే.

ఈ దిగులు జబ్బు కాదు. బిడ్డ వృద్ధిలోకి వచ్చిందన్న సంతోషమూ, ఇంట్లో వెలితీ కలిసే ఉంటాయి. ముట్లుడిగే దశ కూడా తరచు అప్పుడే వస్తుంది. అయితే రోజులో అధిక భాగం దిగులుగా ఉండడం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే వైద్యుణ్ణి సంప్రదించక తప్పదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు రేయింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక మన కర్తవ్యం. "పిల్లలు వెళ్లారు, నీకు పని తగ్గింది కదా" అనే మాట భర్తలు మానుకోవాలి. విశ్రాంతి దినాన ఇంటిపనిలో పాలుపంచుకోవాలి, ఆమె చెప్పేది వినాలి. పాసు గాని, ఎల్.టి.సి. గాని ఆమె కోరిన ఊరికి వాడాలి. రైల్వే ఇన్‌స్టిట్యూటు పేకాటకే పరిమితం కాకుండా మధ్యాహ్న వేళల్లో కాలనీ స్త్రీలకు తెరచి ఉండాలి. దేశమంతటికీ ఉత్తరాలు చేరవేసే మన ఇళ్లలోని తల్లులకు పిల్లలు నెలకొక ఉత్తరమైనా రాయాలి.

ప్రతి శాఖ తన తదుపరి సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయాన్ని చేర్చవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.