మృణాల్ సేన్ సినిమాల్లో మన గూడెం

 

సినిమా దర్శకుడంటే మీకు తోచే పేర్లు మాకు తెలుసు. హాస్టల్ గోడల మీద రోజూ చూస్తూనే ఉన్నాం! ఈ రోజు మాత్రం మీలో చాలామంది వినని పేరు చెబుతాం. మృణాల్ సేన్.

ఆయన 1923లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఫరీద్‌పూర్‌లో పుట్టారు. కలకత్తాలో చదివారు. కొన్నాళ్లు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా ఊళ్లు తిరిగారు. 1955లో తీసిన మొదటి సినిమా ఆడలేదు. 1969లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో హిందీలో ‘భువన్ షోమ్’ తీశాక దేశానికి తెలిశారు. ఖర్చు తక్కువైతే ఎవరి మాటా పడక్కర్లేదు కదా.

మనకు కావలసింది 1976 నాటి ‘మృగయా’. భగవతీ చరణ్ పాణిగ్రాహి రాసిన ఒడియా కథ దానికి ఆధారం. బ్రిటిష్ కాలం. ఘినువా అనే ఆదివాసీ కుర్రవాడు మంచి వేటగాడు. పంటను పాడుచేసే జంతువును కొడితే తెల్లదొర మెచ్చుకుని బహుమతి ఇస్తాడు. షావుకారు ఘినువా భార్యను ఎత్తుకుపోతాడు. ఘినువా అతణ్ణి చంపి, అన్నిటికన్నా పెద్ద మృగాన్ని వేటాడానని దొర దగ్గరికే వెళ్తాడు. అతనికి ఉరి వేస్తారు. అదే సినిమాలో, తిరుగుబాటు చేసిన మరో ఆదివాసీని చంపినవాడికి మాత్రం సర్కారు బహుమతి దక్కుతుంది. ఈ సినిమా చూపించిన రాత్రి మా పిల్లలు చాలాసేపు పడుకోలేదు. ‘మేడమ్, తప్పెవరిది?’ అని ఒకటే వాదన. మేమూ లైట్లు ఆర్పమనలేదు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఘినువాగా వేసిన మిథున్ చక్రవర్తి మనవాడు కాదు. అది ఆయన తొలి సినిమా, దానికే ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ నటనను మేము తక్కువ చేయం. కానీ మన కథలో మన ముఖం లేకపోవడం మాకు వెలితిగానే ఉంది.

మరుసటి ఏడాదే, తెలుగు రాకపోయినా, ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశారు. ఎంత చాకిరీ చేసినా లాభం ఆసామికే పోతుంటే పని దేనికని తండ్రి వాదిస్తాడు. ఆ మాట పదునైనదే. కానీ ఇంటిని నిలబెట్టాలని చూసిన కోడలు పురిటినొప్పులతో చచ్చిపోతుంటే తండ్రీకొడుకులు కదలరు. మా ఆడపిల్లలు ఆ తండ్రిని క్షమించలేదు. మేమూ క్షమించలేదు.

పరాయివాళ్ల బతుకును కెమెరా పట్టే హక్కు ఎవరికుందని ఆయనే తనను తాను అడుక్కున్నారు. అదే 1980 నాటి ‘అకాలేర్ సంధానే’. 1943 బెంగాల్ కరువు మీద సినిమా తీయడానికి ఒక బృందం పల్లెకు వెళ్తుంది. వాళ్లు రాగానే సంతలో ధరలు పెరుగుతాయి. ఊరివాళ్లకు కోపమొస్తుంది. మిగతాది స్టూడియోలో తీసుకోండని బడి పంతులే నచ్చజెబుతాడు. బృందం సామాను సర్దుకుని వెళ్లిపోతుంది. వాళ్లకు పనిచేసిపెట్టిన దుర్గ అనే పేదరాలు ఆ పల్లెలోనే ఉండిపోతుంది.