చేరబోయే ముందు నాలుగు ప్రశ్నలు



మీ తెలుగు తరగతికి వచ్చి నాలుగు మాటలు చెప్పమని మీ పంతులమ్మగారు నన్ను పిలిచారు. నేను ఆసుపత్రిలో పనిచేసే నర్సును. కథలు చెప్పడం నాకు అంతగా రాదు. నాకు తెలిసిన పని గురించి, ఆ పనికి కావలసిన చదువు గురించి చెబుతాను.

“పిల్లలం, కాలేజీల సంగతి మాకెందుకు?” అని మీరు అనుకోవచ్చు. మీ ఇంటికి ఇంగ్లీషులో ఒక కాగితం వస్తే పెద్దవాళ్లు ముందుగా ఎవరి చేతికి ఇస్తారు? చాలా ఇళ్లలో మీ చేతికే కదా! “కాస్త చదివి చెప్పు నాన్నా” అని నాయనమ్మ అడుగుతుంది. ఒక్కొక్కసారి అమ్మ కూడా అడుగుతుంది. కనుక ఇది మీకు పనికివచ్చే సంగతే.

నేను గుంటూరులో నర్సింగు చదివాను. ఆ ఊళ్లో కూగ్లర్ ఆసుపత్రి ఉంది. అన్నా కూగ్లర్ అనే వైద్యురాలు ఈ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టి, వైద్యం చదివి, 1883లో గుంటూరు చేరారు. 1898లో ఆ ఆసుపత్రిని తెరిచారు. 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఆనాడు ఇక్కడి వైద్యురాలు అక్కడికి వెళ్లి సేవ చేశారు. ఈనాడు అక్కడి నర్సులు ఇక్కడికి వచ్చి సేవ చేస్తున్నారు. వారిలో నేనొకతెను.

నేను అక్కడ చదివింది మూడేళ్ల డిప్లొమా. అది డిగ్రీ కాదు. ఈ దేశం వచ్చాక నా పత్రాలను పరిశీలనకు పంపి, పరీక్ష వ్రాసి, లైసెన్సు తెచ్చుకొన్నాను. ఉద్యోగమూ దొరికింది. కాని పైమెట్టు ఎక్కాలంటే డిగ్రీ కావాలన్నారు. న్యూయార్కు రాష్ట్రంలోనైతే 2017లో ఏకంగా చట్టమే చేశారు. కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలోగా డిగ్రీ పూర్తిచేయాలని ఆ చట్టం చెబుతుంది.

నాకు రాత్రి డ్యూటీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు. రోజూ కాలేజీకి వెళ్లి కూర్చొనే వీలేదీ? ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని చదువుకొనే ఆన్‌లైన్ చదువు నాకు సరిపోతుందనుకొన్నాను.

ఒకనాటి సాయంత్రం ఒక కాలేజీవారు ఫోను చేశారు. “ఎనిమిది నెలల్లో డిగ్రీ చేతికి వస్తుంది. ఇల్లు కదలనక్కరలేదు. ఈ రాత్రిలోగా డబ్బు కడితే సగం ఫీజు తగ్గిస్తాము” అన్నారు. రెండేళ్లు కూడబెట్టిన సొమ్ము బ్యాంకులో ఉంది. కార్డు తీసి అంకెలు చదవబోయాను. ప్రక్కన లెక్కలు చేసుకొంటున్న మా అమ్మాయి తలెత్తింది. అప్పుడు దానికి పన్నెండేళ్లు.

“అమ్మా, అది మంచి కాలేజీ అని ఎవరు చెప్పారు?”

“వాళ్లే చెబుతున్నారు కదే!”

“వాళ్ల గురించి వాళ్లే చెప్పుకొంటే చాలా?”

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి, చప్పుడు విని గాని డబ్బు ఇచ్చేది కాదు. నేను మాత్రం ఇంత సొమ్ము పెట్టి కొనే చదువును కొట్టి చూడనైనా లేదు. “రేపు చెబుతాను” అని ఫోను పెట్టేశాను. ఆ రాత్రి తల్లీకూతుళ్లం కూర్చొని వెతికాము. గుర్తింపు పొందిన చదువుల జాబితాలలో ఆ కాలేజీ పేరు లేనే లేదు.

అప్పుడు మేమిద్దరం ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు వ్రాసుకొన్నాము. వాటినే మీకు చెబుతాను.

మొదటి ప్రశ్న: ఈ చదువుకు గుర్తింపు ఇచ్చినదెవరు? నర్సింగు చదువులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థలు ఉన్నాయి. సి.సి.ఎన్.ఇ., ఎ.సి.ఇ.ఎన్. అనేవి వాటిలో ముఖ్యమైనవి. “మాకు గుర్తింపు ఉంది” అని కాలేజీ చెబితే చాలదు. ఆ సంస్థలు తామే ప్రకటించే జాబితాలో పేరు చూడాలి. గుర్తింపు లేనిచోట చదివితే, రేపు పైచదువుకు వెళ్లినప్పుడు ఆ పాఠాలను లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

రెండవ ప్రశ్న: నేను ఉండే రాష్ట్రం దీనిని ఒప్పుకొంటుందా? ఈ దేశంలో నర్సులకు లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల నర్సింగు బోర్డులు. ఆన్‌లైన్ కాలేజీ ఒక రాష్ట్రంలో ఉండవచ్చు, విద్యార్థి మరొక రాష్ట్రంలో ఉండవచ్చు. కాబట్టి మన రాష్ట్రపు బోర్డును అడగాలి. కాలేజీనుంచి జవాబును వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట గాలికి పోతుంది.

మూడవ ప్రశ్న: చేతిపని ఎక్కడ నేర్పుతారు? ఇదివరకే నర్సుగా ఉన్న నాబోటివారు డిగ్రీ పాఠాలను చాలావరకు ఇంటినుంచే చదువుకోవచ్చు. కొత్తగా నర్సు కాదలచినవారికి అది కుదరదు. మంత్రాలకు చింతకాయలు రాలవు. సన్నని నరంలోకి సూది ఎక్కించడం, నొప్పిని నోటితో చెప్పలేని ముసలాయన ముఖం చూసి గ్రహించడం తెరమీద చూస్తే వచ్చే విద్యలు కావు. రోగి ప్రక్కన నిలబడి, అనుభవంగల నర్సు చూస్తూ ఉండగా నేర్వాలి. మంచి ఆన్‌లైన్ కాలేజీలు కూడా విద్యార్థిని ఆసుపత్రికి పంపుతాయి. ఆ ఆసుపత్రిని కాలేజీవారు చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా అన్నది ముందే అడగాలి.

నాలుగవ ప్రశ్న: మొత్తం ఖర్చెంత? ఎందరు పరీక్ష గట్టెక్కారు? ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. పుస్తకాలు, దుస్తులు, ప్రయాణాలు, పరీక్ష రుసుములు అన్నీ కలిపి కూడాలి. కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉంది. దానికి రుసుము లేదు. ఇక లైసెన్సు పరీక్ష పేరు ఎన్‌క్లెక్స్. అభ్యర్థి ఇచ్చే జవాబులను బట్టి కంప్యూటరు తరువాతి ప్రశ్నను ఎంచుతుంది. 85 ప్రశ్నలకు తక్కువ ఉండవు, 150కి మించవు. ఏ కాలేజీనుంచి ఎందరు మొదటిసారే ఉత్తీర్ణులయ్యారో చాలా రాష్ట్రాల బోర్డులు ప్రకటిస్తాయి. ఆ అంకెలు చూస్తే కాలేజీ సత్తా తెలుస్తుంది.

“ఇంత శంక ఎందుకు?” అంటారేమో. 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక పెద్ద మోసం బయటపడింది. చదువు చెప్పకుండానే నర్సింగు పట్టాలు అమ్మారని 25 మందిపై కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు నేరం మోపారు. అమ్ముడుపోయిన దొంగపట్టాలు 7,600కు పైమాటే. వాటిని పట్టుకొని లైసెన్సు పరీక్షకు కూర్చొని నెగ్గినవారు కూడా ఉన్నారు. పిల్లలారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఆసుపత్రి మంచం మీద మీ తాతగారు పడుకొని ఉన్నారు. మందు సీసా పట్టుకొని దగ్గరకు వచ్చిన నర్సు ఎన్నడూ రోగి ముఖం చూసి నేర్చుకొన్నది కాదు. ఒక్క చుక్క ఎక్కువైతే ఏమవుతుంది?

ఆన్‌లైన్ చదువు తక్కువదని నేను అనను. త్వరగా ముగిసే చదువులన్నీ చెడ్డవనీ అనను. నాలుగు ప్రశ్నలకు నిలిచిన కాలేజీలోనే చేరి, ఆన్‌లైన్‌లోనే నేను డిగ్రీ చదివాను. ఎనిమిది నెలలు కాదు, రెండేళ్లు పట్టింది. డ్యూటీ ముగించుకొని వచ్చి, పిల్లలను బడికి పంపి, నిద్రకు ముందు పాఠం చదివేదాన్ని. పట్టా వచ్చిననాడు మా అమ్మాయి దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, గోరుతో టక్కున కొట్టింది. “కుండ గట్టిదే అమ్మా!” అంది.

మీ ఇంట్లో అక్కగాని, అమ్మగాని, పిన్నిగాని ఇటువంటి చదువులో చేరబోతూ ఉంటే, డబ్బు కట్టకముందే మీరు ప్రక్కన కూర్చోండి. పెద్దవాళ్లను అడగడం తప్పేమో అని జంకవద్దు. “మంచిదని ఎవరు చెప్పారు?” అని మెల్లగా అడగండి. జాబితాలో పేరు వెతికి పెట్టండి.