పందిరి కింద నిలిచినవారికి మనమే పూచీ

(ముంబయిలో తెలుగు మండళ్ల కార్యకర్తల సమావేశంలో పురపాలక అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)



మరాఠీలోను, ఇంగ్లీషులోను వెలువడే పురపాలక ప్రకటనలను తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. బీమా నా వృత్తి కాదు. అయినా నేడు ఆ విషయమే మాట్లాడవలసి రావడానికి కారణం ఒక కాగితం.

మూడేళ్ల కిందట ఒక చాల్ వాకిట బతుకమ్మ ఆడుతుండగా సౌండ్ బాక్సుల స్టాండు ఒరిగి, దారిన పోతున్న కూరగాయలామె కాలు విరిగింది. సంఘం పెద్దలు పందిరి కాంట్రాక్టరు ఇచ్చిన బీమా పత్రాన్ని నా చేతికిచ్చి, "ఇందులో ఆమెకు ఎంత వస్తుందో చదివి చెప్పమ్మా" అన్నారు. ఆద్యంతం చదివాను. అది కాంట్రాక్టరు గుడ్డలకు, గుంజలకు మాత్రమే రక్షణ. మనిషి ప్రస్తావన అందులో లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరకు ఆసుపత్రి ఖర్చుకు ఆడవారు తమ చీటీ సొమ్ము ఎత్తి ఇచ్చారు.

"పందిరి వేసినది కాంట్రాక్టరు, మాకేమి సంబంధం?" అని మనలో పలువురు అడుగుతారు. 2006 ఏప్రిల్ 10న మీరట్ విక్టోరియా పార్కులో వస్తు ప్రదర్శన జరుగుతుండగా మంటలు లేచి 65 మంది మరణించారు. అక్కడి నిర్వాహకులు కూడా తప్పు కాంట్రాక్టరుదేనన్నారు. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించలేదు. బాధ్యతలో 60 శాతం నిర్వాహకులదని, 40 శాతం రాష్ట్ర ప్రభుత్వానిదని తీర్పు చెప్పింది. మనవి చిన్న వేడుకలే కావచ్చు, కాని పిలిచినవారిదే పూచీ అన్న సూత్రం మనకూ వర్తిస్తుంది. పైగా రిజిస్టరు కాని సంఘానికి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు. దావా వస్తే అది చందా పుస్తకం పట్టుకున్న మనుషుల మీదికే వస్తుంది.

ఇందుకు తగినది పబ్లిక్ లయబిలిటీ బీమా. మన అజాగ్రత్త వల్ల బయటివారికి గాయమో ఆస్తినష్టమో కలిగి, పరిహారం చెల్లించవలసిన బాధ్యత చట్టరీత్యా మనపై పడితే, పాలసీ పరిమితి మేరకు కంపెనీ చెల్లిస్తుంది. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థలకు సంబంధించినది. పేరు చూసి పొరబడకుండా, వేడుకలకు వర్తించే పాలసీనే అడగాలి.

కింగ్స్ సర్కిల్‌లోని జీఎస్‌బీ సేవా మండల్ 2024 గణేశోత్సవానికి 400 కోట్ల రూపాయలకు మించి బీమా చేయించిందని పత్రికల్లో చదివి, ఇది మనబోటివారికి అందదని అనుకోవద్దు. అందులో నగల బీమా, సేవకుల ప్రమాద బీమా వంటివన్నీ కలిసి ఉన్నాయి. మనకు కావలసినది అందులో ఒక్క భాగమే.

ఖర్చు తగ్గించుకొనే మార్గాలున్నాయి. ఇరుగుపొరుగు సంఘాలు కలిసి, ఏడాది పొడుగునా జరిపే వేడుకల తేదీలను, స్థలాలను, రాగల జనసంఖ్యను ఒకే కాగితం మీద రాసి, అన్నిటికీ కలిపి ఒక పాలసీ అడగవచ్చు. ప్రతి సంఘం పేరూ అందులో ఉండాలి. చందాల వసూలుకు చారిటీ కమిషనర్ కార్యాలయం ఇచ్చిన అనుమతిలోని పేరే పాలసీలోనూ ఉండాలి. నెల ముందుగానే న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలను, ప్రైవేటు కంపెనీలను ధర అడిగి పోల్చుకోవాలి. బ్రోకరు ద్వారా వెళ్తే, అతనికి హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్నదో లేదో చూడాలి. ప్రతి క్లెయిములో తొలి కొంత మొత్తం మనమే భరిస్తామంటే ప్రీమియం తగ్గుతుంది; అయితే ఆ సొమ్ము సంఘం పెట్టెలో సిద్ధంగా ఉండాలి.

సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ప్రసాదం తిని అస్వస్థత కలిగితే వర్తిస్తుందా? బాణసంచాకు వర్తిస్తుందా? పందిరి వేసే రోజు, విప్పే రోజు పాలసీ కాలంలో ఉన్నాయా? జవాబులు నోటిమాటగా కాక రాతలో తీసుకోండి. మన కార్యకర్తల గాయాలకు సాధారణంగా వేరే ప్రమాద బీమా కావాలి.

ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి తెలపండి. వారి సమ్మతి లేకుండా తప్పు ఒప్పుకొని రాసి ఇవ్వకండి, పరిహారం బేరమాడకండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడానికి మాత్రం ఎవరి సమ్మతీ అక్కరలేదు.

ఆ కూరగాయలామె నేటికీ అదే వీధిలో బుట్ట దింపుతుంది, కొంచెం కుంటుతూ. నిరుడు ఆ సంఘంవారు ఖర్చుల పట్టికలో పూలకంటే ముందు బీమా రాసుకున్నారు. మీ పట్టికలోనూ ఆ పద్దు ముందుగా రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.