డ్రయ్యర్‌కి ఊపిరాడకపోతే

ఈ వారం మన బట్టల డ్రయ్యర్ గురించి మాట్లాడుకుందాం. అమెరికా వచ్చిన కొత్తలో దాన్ని చూసి ముచ్చటపడతాం. వేడివేడిగా తువ్వాలు తీసి మొహానికి ఆనించుకుంటాం. ఆ తర్వాత అది పాడయ్యేదాకా దాని వంక మళ్లీ చూడం.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా దాంతో పేచీయే. "బయట ఎండ పెళపెళలాడుతుంటే కరెంటు పెట్టి బట్టలు ఆరేయడమేంట్రా?" అంటుంది. పెరట్లో తాడు కడదామంటే మా కాలనీ రూల్సు ఒప్పుకోవు. దాంతో భోజనాల బల్ల చుట్టూ కుర్చీల మీద చీరలు పరిచేది. ఒకసారి ఆవిడకో కబురు చెప్పాను. 1938లో విస్కాన్సిన్‌లోని హామిల్టన్ అనే కంపెనీ ఇళ్లకి డ్రయ్యర్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు దానికి "జూన్ డే" అని పేరు పెట్టింది. అక్కడి వాళ్లకి జూన్ అంటే హాయిగా ఎండకాసే నెల మరి. అమ్మ విని, "జూన్‌లో మనకి వానలు పడతాయి కదరా, ఆరేదెక్కడ?" అని తేల్చేసింది.

సరే, అసలు సంగతి. బట్టలు ఎండకి ఆరతాయని అనుకుంటాం గానీ, ఆరేది గాలికి. గాలాడే వసారాలో, నీడన వేసినా చీర ఇట్టే ఆరిపోతుంది. తలుపులు బిగించిన గదిలో ఎంత వేడిగా ఉన్నా ఆరదు, పైగా ముక్క వాసన పట్టుకుంటుంది. డ్రయ్యర్ కథా అంతే. లోపలి ఫ్యాను గదిలో గాలిని లాగి, హీటర్ మీదుగా డ్రమ్ములోకి పంపి, బట్టల్లో తేమని మోయించి, నూగు పట్టే జాలీ దాటించి, వెనకాల నాలుగంగుళాల గొట్టంలోంచి ఇంటి బయటికి నెడుతుంది. వేడి పెట్టేది తేమ తొందరగా వదలడానికి. దాన్ని మోసుకుపోయేది మాత్రం గాలే. కాబట్టి "బట్టలు ఆరట్లేదు, రెండుసార్లు తిప్పాల్సొస్తోంది" అని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది, దానికి ఊపిరాడుతోందా అని.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. మేం ఇల్లు మారినప్పుడు గదిలో చోటు కలిసొస్తుందని డ్రయ్యర్‌ని గోడకి ఆనేదాకా తోశాను. కొన్నాళ్లకి డ్రమ్ము తిరుగుతోంది గానీ లోపల చల్లగా ఉంది. ఒకాయన వచ్చి థర్మల్ ఫ్యూజు పోయిందని మార్చి, డబ్బు తీసుకుని వెళ్లాడు. నాలుగు నెలలకి మళ్లీ అదే. ఈసారి వచ్చిన పెద్దాయన స్క్రూడ్రైవర్ తీయలేదు. మిషన్ని ముందుకి జరిపి, టార్చి నా చేతికిచ్చి, వెనక్కి వంగి చూడమన్నాడు. గొట్టం నలిగి అప్పడంలా ఉంది. థర్మల్ ఫ్యూజు చాలా చిన్న వస్తువు. గాలి బయటికి పోక లోపల వేడి హద్దు దాటితే అది తన ప్రాణం తీసుకుని ఇంటిని కాపాడుతుంది. మళ్లీ బతకదు, కొత్తది వేయాల్సిందే. అయితే అది పోయిందంటే, ఎందుకు పోయిందో వెతకాలి. ఫ్యూజు మార్చి గొట్టం వదిలేయడమంటే జ్వరానికి మాత్ర వేసి చీముపట్టిన పుండుని వదిలేసినట్టు.

ఊపిరి చూడటం సులువే. డ్రయ్యర్ నడుస్తుండగా చెప్పులేసుకుని ఇంటి బయటికి వెళ్లండి. గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోట ఒక రేకు మూత ఉంటుంది. అది బాగా లేచి, చేయి పెడితే వెచ్చటి గాలి గట్టిగా కొట్టాలి. నీరసంగా అల్లాడుతుంటే దారిలో ఏదో అడ్డుంది. వసంతం వస్తే పిట్టలు అక్కడ గూళ్లు కడతాయి. అలాగని సన్న జాలీ బిగించకండి. నాలుగు రోజుల్లో నూగు పట్టి అదే అడ్డమవుతుంది. టెక్సస్ వైపు చాలా ఇళ్లలో లాండ్రీ గది ఇంటి నడిమధ్యన ఉంటుంది, గొట్టం పైకప్పులోంచి పోతుంది. ఆ ఇళ్లవాళ్లు నిచ్చెనెక్కే సాహసం చేయొద్దు, ఏడాదికోసారి పనివాణ్ని పిలవండి.

గొట్టం తిన్నగా గోడలోంచి పోయే ఇళ్లలో మనమే చేసుకోవచ్చు. డ్రిల్లుకి తగిలించే పొడవాటి బ్రష్షులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: డ్రిల్లుని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. రివర్సులో తిప్పారో, బ్రష్షు కడ్డీల మరలు ఊడి సగం గోడలోనే ఉండిపోతాయి. మా ఇంట్లో ఒక కడ్డీ బయటికి తీయడానికి ఆదివారమంతా పట్టింది. మిషన్ వెనకాల తెల్లటి ప్లాస్టిక్ గొట్టమో, నలిపితే నలిగే పల్చటి రేకు గొట్టమో ఉంటే ఈ వారమే తీసి, గట్టి లోహపు గొట్టం పెట్టించండి. దాని నిడివికీ లెక్కుంది. అమెరికా ఇళ్ల నిబంధనల్లో సాధారణంగా 35 అడుగులు దాటకూడదంటారు. అందులో తొంభై డిగ్రీల మలుపు ఒక్కోదానికి ఐదేసి అడుగులు కోసుకోవాలి. మూడు మలుపులుంటే మిగిలేది ఇరవయ్యే.

జాలీ సంగతి మీకు తెలుసు, ప్రతిసారీ తీసి తుడవాలి. చాలామందికి తెలియనిదేంటంటే, కళ్లకి శుభ్రంగా కనబడ్డ జాలీ కూడా మూసుకుపోయి ఉండొచ్చు. వాసన కోసం వేసే డ్రయ్యర్ షీట్లు దాని మీద కంటికి కనబడని జిడ్డు పొర వదులుతాయి. జాలీని కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు జారిపోకుండా పళ్లెంలో లాగా నిలిచాయంటే, సబ్బు నీళ్లతో పాత టూత్ బ్రష్షు పెట్టి తోమి, ఆరాక పెట్టండి.

ఆ నూగు చూసి మా అమ్మ, "దూదిలా ఎంత మెత్తగా ఉందో, వత్తులకి పనికొస్తుందేమో" అంది. వద్దన్నా వినకుండా ఒక వత్తి చేసి పెరట్లో ప్రమిదలో వెలిగించింది. భగ్గున అంటుకుని, ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది. ఆవిడ దండం పెట్టి లోపలికెళ్లిపోయింది గానీ, నాకు గోడలో గొట్టం నిండా పేరుకుని ఉండే నూగు గుర్తొచ్చింది. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 దాకా వేసిన లెక్కల్లో ఇళ్ల డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు తేలాయి. వాటి కారణాల్లో అన్నిటికన్నా ముందున్నది శుభ్రం చేయకపోవడమే, 34 శాతం.

మన ఇళ్లకి ఇంకో ప్రత్యేకమైన ముప్పుంది. దీపావళికీ ఉగాదికీ నువ్వుల నూనెతో తలంటుకుంటాం. ఆ నూనె తుడుచుకున్న తువ్వాళ్లూ, వంటింట్లో నూనె వొలికితే తుడిచిన గుడ్డలూ డ్రయ్యర్లో వేయకండి. ఒక్కసారి ఉతికితే నూనె పూర్తిగా పోదు. మిగిలిన నూనె వేడికి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి తనంతట తనే ఇంకా వేడెక్కుతుంది. డ్రయ్యర్లోంచి తీసి కుప్పగా మడిచి పెట్టిన తువ్వాళ్లు ఎవరూ ముట్టించకుండానే రాజుకోవచ్చు. వాటిని దండెం మీద ఆరేయండి. ఈ విషయంలో మా అమ్మ కుర్చీలే మేలు.

ఇక చీరలు. పట్టుచీర ఎవరూ వేయరనుకుంటాను. నూలు చీర అయినా సరే, ఐదున్నర గజాల గుడ్డ డ్రమ్ములో తాడులా పేనుకుని, పక్కనున్న చొక్కాల్ని కడుపులో పెట్టేసుకుంటుంది. పైపొర ఆరుతుంది, లోపలివన్నీ తడితడిగానే ఉంటాయి. అది మిషన్ తప్పు కాదు. అసలు బట్టలు వాషింగ్ మిషన్లోంచి నీళ్లోడుతూ వస్తున్నాయా అన్నది కూడా చూసుకోండి. అది సరిగా పిండకపోతే డ్రయ్యర్‌ని తిట్టి లాభం లేదు.

ఆటోమేటిక్‌లో పెడితే పదినిమిషాలకే "అయిపోయింది" అంటోందా, టైము పెట్టి తిప్పితే మాత్రం బాగా ఆరుతున్నాయా? అయితే డ్రమ్ములో జాలీ దగ్గర రెండు సన్నటి లోహపు పట్టీలుంటాయి, వాటి మీద చేయి పెట్టి చూడండి. తడి బట్ట ఆ రెంటికీ తగిలితే కరెంటు పారుతుంది, దాన్నిబట్టి మిషన్ తేమ కనిపెడుతుంది. జిడ్డు పడితే తడి బట్టని కూడా పొడిదనుకుంటుంది. కాస్త రబ్బింగ్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది తుడిస్తే చాలు.

డ్రమ్ము తిరుగుతోంది, వేడి మాత్రం అస్సలు లేదంటే, కరెంటు డ్రయ్యర్ అయితే ముందు బ్రేకర్ చూడండి. అమెరికాలో దానికి 240 వోల్టులు కావాలి. ఒక దారిలో 120 వోల్టులు పోయినా మోటారు మిగిలిన 120 మీద హాయిగా తిరుగుతుంది, హీటర్ మాత్రం పడుకుంటుంది. జంట బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ దాకా లాగి మళ్లీ వేయండి. మళ్లీ పడిపోతే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గ్యాసు డ్రయ్యర్ అయితే, మొదట కొద్దిసేపు వేడొచ్చి తర్వాత చల్లబడిపోతే, చాలాసార్లు గ్యాసు వాల్వు మీది కాయిల్స్ పోయి ఉంటాయి. మీరు ముట్టుకోకండి. గ్యాసు డ్రయ్యర్‌కి గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది, అలారం లేని ఇంట్లో దాన్ని నడపకండి.

మోటారు గుయ్‌మంటోంది, డ్రమ్ము కదలట్లేదా? ప్లగ్గు తీసేసి చేత్తో తిప్పండి. బరువు లేకుండా గిర్రున తిరిగితే బెల్టు తెగినట్టే. తిరిగేటప్పుడు కిర్రుమంటే బెల్టుని బిగించి ఉంచే కప్పీ, దబదబమంటే డ్రమ్ముని మోసే రోలర్లు అరిగినట్టు. ఈ సామాన్లు ఖరీదైనవి కావు, ఓపికున్నవాళ్లు వీడియో చూసి మార్చుకుంటారు. మోటారే పోయి, మిషన్‌కి పన్నెండేళ్లు నిండి ఉంటే మాత్రం నేనైతే దాని మీద డబ్బు పెట్టను.

రాత్రి పడుకునే ముందు డ్రయ్యర్ వేసి నిద్రపోయే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. ప్రమిద సంగతి జరిగాక మానేశాం. ఇప్పుడు శనివారం పొద్దున్నే వేస్తాం. అమ్మ ఉన్న ఆరు నెలలూ బయటికెళ్లి రేకు చూసొచ్చే డ్యూటీ ఆవిడదే. "లేచిందిరా" అని కిటికీలోంచి అరుస్తుంది, పక్కింటాయన ఎవరు లేచారా అని తొంగి చూస్తాడు.