చీరమేను, మడ, మన బేరం



పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము చీరమేను గురించి నాలుగు మాటలు చెప్తాం.

దసరా దాటి తూర్పుగాలి తిరిగిందంటే గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోటికి చీరమేను వస్తుంది. దారప్పోగంత చేప. పలుచని చీరగుడ్డతో పట్టేవారు, ఇప్పుడు సన్న కన్ను వలలు వచ్చాయి. గ్లాసుతోనూ, సేరుతోనూ కొలిచి అమ్ముతాం. చీర అమ్మి అయినా చీరమేను తినాలని సామెత ఉంది కదా, ఎంత ధరైనా కొంటారు. ఆ కొద్ది వారాల డబ్బుతోనే మాలో చాలామందిమి బ్యాంకు వాయిదా, పిల్లల ఫీజు కట్టుకుంటాం. అందుకని పట్టొద్దని మేము అనటం లేదు.

అయితే చీరమేను అంటే పెద్దయ్యే చేపల పిల్లలే. గ్లాసుడు చీరమేనులో ఎన్ని వందల ప్రాణాలుంటాయో చూడండి. పిల్ల మిగిల్తేనే రేపు తట్టలోకి చేప వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేది కూడా చేప గుడ్డు పెట్టి పెరగాలనే.

చేప పిల్లకి, రొయ్య పిల్లకి, పీతకి మడ అడవే పుట్టిల్లు. మడ ఆకు రాలి కుళ్ళితే అదే వాటికి మేత. వేళ్ళ సందున పెద్ద చేప దూరలేదు. కోరంగి మడని 1978లో అభయారణ్యం చేశారు. 1996 నవంబరు తుఫానులో మడ అడ్డున్న ఊళ్ళకి దెబ్బ తగ్గిందని మా పెద్దలు చెప్తారు.

మా సంఘంలో రెండు తీర్మానాలు రాసుకున్నాం. ఒకటి, పొయ్యిలోకి మడ కర్ర కొట్టం. రెండు, పాయకి అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డుకి కట్టిన వలలో పడ్డ సరుకు కొనం. సగం పాయ వదిలి పట్టినవాళ్ళ దగ్గరే కొంటాం.

మేము కొనకపోతే పక్క ఊరివాళ్ళు కొంటారు, నష్టం మనకేనని మాలోనే కొందరు అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఈ సభలో అడుగుతున్నాం. వల మగవాళ్ళ చేతిలో ఉంది, బేరం మన చేతిలో ఉంది. రేవులో తట్ట పెట్టుకుని కూర్చునే సంఘాలన్నీ ఒక్క మాట మీద ఉంటే అడ్డవల సరుకు ఎవరికి అమ్ముతారు?

వచ్చే దసరా లోపల ప్రతి గ్రామ సమాఖ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టి, మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టించాలని కోరుతున్నాం.