ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, మన మాత్రల డబ్బా
(కమలాపురం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన నాకు వెంటనే తట్టేది డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరే. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చింది, ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు.

రక్తంలో భాస్వరం కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. మాలిబ్డేటు ద్రావణం, దానిపైన మరో రసాయనం కలిపితే నీలిరంగు తేలుతుంది. రంగెంత చిక్కనో భాస్వరమంత ఎక్కువ. శిక్షణలో ఈ పేరు రోజూ పలికేవాళ్లం. ఆ రెండో ఆయన మనవాడేనని ఎవరూ చెప్పలేదు!

అసలు కథ 1940 తర్వాతిది. లెడర్లే కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నగారు సంగ్రహణితో పోయారు, ఆ జబ్బుకు పనికొచ్చిన మందు ఇది. దీన్ని పోలి, దీని పనినే అడ్డుకునే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో ఒకదాన్ని 1947లో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకిస్తే కొందరికి కొంతకాలం జబ్బు తగ్గింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. బోదకాలు మాత్ర కూడా ఆ బృందానిదే. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఈ మెథోట్రెక్సేట్ ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లలో ఉంది, కీళ్లవాతానికి. అమ్మలారా, అయ్యలారా, కీళ్లవాతానికైతే అది వారానికి ఒక్కరోజే! బి.పి. మాత్రలాగా రోజూ కాదు. నేనెరిగిన ఒక పెద్దాయన రోజూ మింగి, నోరంతా పుండ్లుపడి, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు. ఏ వారమో డబ్బామీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి, కోడలికో మనవడికో చెప్పి ఉంచండి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఎందుకిస్తారంటే, ఒకటి అడ్డుకున్నదాన్ని రెండోది కొంత పూడుస్తుంది. ఏ రోజు వేసుకోవాలో డాక్టరుగారినే అడగండి. రక్తపరీక్షలు ఎగ్గొట్టవద్దు, ఒళ్లు బాగుందని మీ అంతట మీరే మానవద్దు.

రిపోర్టులు తెచ్చినవారు భోజనాల తర్వాత నన్ను కలవండి, కళ్లద్దాలు తెచ్చుకున్నాను. సెలవు.