కోతపండుగ బల్ల మీది తల్లి చేతిపని
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలపు శతాబ్ది ఉత్సవములలో నాలుగు మాటలు చెప్పుటకు మాకు అవకాశమిచ్చిన పెద్దలకు వందనములు. నూరేండ్ల చరిత్రలో మిషనరీలను, గురువులను, గుడులు కట్టించిన పెద్దలను తలచుకొనుట న్యాయమే. అయితే కోతపండుగనాడు అరిసెలు, జంతికలు బల్ల మీద పెట్టి, వెనుకకు పోయి నిలుచుండు తల్లులను గూర్చి మేము మాటలాడదలచితిమి. అందుకై దూరదేశపు తల్లి ఒకామె కథను మీ ముందుంచుచున్నాము.

జాయిస్ చెన్ 1917లో చైనా దేశములోని బీజింగ్ నగరములో జన్మించెను. 1949లో, అంతర్యుద్ధము షాంఘైకి చేరువగుచున్న దినములలో, ఆమె భర్తతోను ఇద్దరు బిడ్డలతోను అమెరికాకు వలసపోయి కేంబ్రిడ్జి పట్టణములో కాపురము పెట్టెను. మూడవ బిడ్డ అక్కడనే పుట్టెను.

1957లో పిల్లల బడిలో సంత జరిగినది. తల్లులు ఏదైన చేసి తేవలెను. ఆమె తన దేశపు ఎగ్‌రోల్స్, అనగా కూరలు, మాంసము పిండిరేకులో చుట్టి వేయించిన చుట్టలు చేసెను. అవి ఆ ఊరివారికి నచ్చవేమోనని, వారికి తెలిసిన గుమ్మడి బిస్కెట్లు కూడ చేసి తీసికొని పోయెను. కొంతసేపటికి తిరిగివచ్చి చూడగా బల్ల మీద చుట్టలు లేవు. నామోషీపడి ఎవరో దాచివేసిరనుకొని ఆమె చిన్నబోయెను. తీరా విచారించగా అవి అప్పటికే అమ్ముడుపోయినవి; ఇంకను చేసి తెమ్మని అడిగిరి!

మరుసటి ఏడు, 1958లో, నలుబది ఏండ్లు దాటిన తరువాత, ఆమె భోజనశాల తెరచెను. వంటకముల పేర్లు నోరు తిరగనివారు సంకోచపడకుండునట్లు పట్టికలో అంకెలు వేయించెను. కొత్త రుచులకు వెనుకాడువారు కొంచెము కొంచెము వడ్డించుకొని చూచునట్లు బఫే ఏర్పరచెను. 1962లో ఆమె వంటల పుస్తకము వెలువడినది. తరువాత టెలివిజనులో వంట నేర్పెను. పాత్రలు, సాసులు కూడ ఆమె పేరుతో అమ్మకమునకు వచ్చినవి. ఎదిగిన బిడ్డలు ఆ పనిలో చేయి కలిపిరి. ఆమె 1994లో మరణించగా, 2014లో అమెరికా తపాలాశాఖ ఆమె బొమ్మతో బిళ్ల వేసినది.

అపొస్తలుల కార్యములలోని లూదియ కూడ పొరుగూరినుండి వచ్చినదే. తుయతైర పట్టణస్థురాలై, ఫిలిప్పీలో ఊదారంగు సరకు అమ్ముచుండెను. ఆమె వర్తకము సువార్తకు అడ్డు కాలేదు. ఆమె ఇల్లు అపొస్తలులకు బస ఆయెను.

ఇప్పుడు మన సంగతి చూచుకొందము. కొడుకు ఉద్యోగమును బట్టి, కూతురి కాన్పును బట్టి, బ్రతుకుతెరువును బట్టి పొరుగూళ్లనుండి వచ్చిన తల్లులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. చివరి వరుసలో కూర్చుండి ఆరాధించి వెళ్లుదురు. వారి పేరు మనకు తెలియదు; ఫలానావారి అమ్మగారు అందుము.

కోతపండుగ వేలములో జంతికల పొట్లమును పోటీపడి పాడి చప్పట్లు కొట్టుదుము. ఆ పిండికి, నూనెకు డబ్బు ఎక్కడిదో అడుగము. మరుసటి వారము అవే జంతికలు అంగడిలో కొనుక్కొందుము. దేవునికిచ్చిన కానుకకు వెల కట్టుమని మేము చెప్పుట లేదు. కాని కానుక ఇచ్చిన చేతికి మిగిలిన దినములలో పని కావలెనని మనకు తోచకపోవుట మన లోపమే. ఆ లోపము మాలోను ఉన్నదని ఒప్పుకొనుచున్నాము.

కనుక మూడు సంగతులు మనవి చేయుచున్నాము. ఒకటి, కొత్తగా వచ్చిన తల్లిని పేరడిగి, ఆమెకు తెలిసిన పని ఏమిటో అడుగుదము. రెండు, ఆమెవద్ద కొన్నప్పుడు మనవారే గదా యని బేరమాడక, అరువు పెట్టక, న్యాయమైన వెల అప్పుడే చెల్లింతము. మూడు, ఇంట వండి అమ్మువారికిని ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థవద్ద నమోదు అవసరము. ఆ దరఖాస్తు నింపుటకు మన యౌవనులు తోడ్పడవలెను.

జాయిస్ చెన్‌కు వచ్చిన పేరు అందరికిని రాదు, రానక్కరలేదు. కాని నా చేతిపని ఇక్కడ ఎవరికి కావలెనని చిన్నబోయిన తల్లితో, ఇంకను చేసి తెమ్మని చెప్పు నోరు మన సంఘములో ఉండవలెను. రెండవ నూరేండ్లను ఆ మాటతో మొదలుపెట్టుదము.

దేవుడు మన తల్లుల చేతిపనిని ఆశీర్వదించునుగాక. ఆమేన్.